కళ్లం మీద రేకుల గోడౌన్

ఈ పొద్దున కోయిలకుంట్లలో మన శనక్కాయల సావుకారిని చూశాను. తన మిద్దె మీదే గానుగెద్దులా గుండ్రంగా తిరుగుతున్నాడు. డాక్టరు రోజూ నడవమన్నాడట. నాకు నవ్వొచ్చింది. ఒరే ఖాజా, మద్దిలేటీ, అక్కడి మన ఊరుమ్మడి కళ్లం గుర్తుందా?

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, జొన్నలు నూర్చి గింజలు ఇళ్లకు చేరాక, పేడతో అలికిన ఆ నున్నటి నేల ఎండాకాలమంతా మనదే. ఎండిన సొప్ప వాసన ఇంకా నా ముక్కులోనే ఉంది. నాపరాళ్ల ఇళ్లు పొయ్యిలా కాలుతుంటే సాయంత్రం ఊరంతా గాలి కోసం అక్కడికే వచ్చేది. మనం బిళ్లంగోడు ఆడుతుంటే, చాపలేసుకున్న అవ్వలు బిళ్ల తగులుతుందని తిట్టేవాళ్లు.

ఒక ఏడు సెలవుల్లో పోయి చూస్తే చుట్టూ ముళ్లకంప. "ఇది నా జాగా, పోండ్రా!" అని అరిచింది ఈ సావుకారే. లోపల పడిన బిళ్ల కోసం దూరితే నా మడమలో ముల్లు దిగింది. తర్వాత అక్కడ రేకుల గోడౌన్ లేచింది. ఆ వైపు నుంచి వచ్చే గాలి ఆగిపోయి, వేడి మిగిలింది.

ఇవాళ నన్ను చూసి మిద్దె మీద నుంచి కేకేశాడు.

"ఏమప్పా, ఈ ఊర్లో నడిచేదానికి యాడన్నా చోటుండాదా?"

ఈ మాట కోసమే ఇన్నేళ్లు కాచుకున్నాను.

"ఉండాది సావుకారీ. మీ గోడౌన్ కింద శానా ఉండాది."