అడుగు లేని ముంత

మొన్న జంగారెడ్డిగూడెం నుంచి రాజమండ్రి వస్తుంటే బస్సులో నా పక్కన కూర్చున్న అమ్మాయి ఫోనులో ఏదో దెయ్యం సినిమా కథ పెట్టుకుంది. సినిమా కాదు, సినిమా కథ. చెవుల్లో పెట్టుకునేవి ఇంట్లో మర్చిపోయిందో ఏమో, ఆ కథ బస్సంతా వినాల్సి వచ్చింది. ఎవరో ఒకాయన ఊపిరి తీసుకోకుండా చెప్పుకుపోతున్నాడు. హీరోయిన్ చచ్చిపోయింది, తర్వాత వాళ్ళ తమ్ముడు చచ్చిపోయాడు, ఆ తర్వాత ఇంటి ఓనరు చచ్చిపోయాడు. కొయ్యలగూడెం దాటేసరికి సగం మంది పోయారు, దేవరపల్లి వచ్చేసరికి సినిమాయే అయిపోయింది. నాకు ఒళ్ళు మండిపోయింది. దెయ్యాన్ని అంత హడావిడిగా తిప్పితే దానికి మాత్రం ఆయాసం రాదూ? కథ చెప్పడమంటే ఏమిటో ఆయనకి మా పిన్ని చేత చెప్పించాలనిపించింది. కొవ్వూరు బ్రిడ్జి మీద బస్సు నిదానంగా వెళ్తున్నంతసేపూ నేను పిన్ని అన్నవరంలో కథ చెప్పిన ఆ వాన మధ్యాహ్నమే తలుచుకుంటూ కూర్చున్నాను.

మా పిన్ని అంటే మా అమ్మ చెల్లెలు. నరసాపురంలో బాబాయికి ఇత్తడి సామాన్ల కొట్టుంది. ముందు కొట్టు, వెనక ఇల్లు. కొట్లో బిందెలు, ఇంట్లో కథలు అనేవారు వీధిలోవాళ్ళు. పిన్ని మ్యాట్నీ చూసొచ్చి, కాళ్ళు కడుక్కుని, కాఫీ తాగి, వెనక వసారాలో పీట వాల్చుకుని కూర్చుందంటే చాలు, చుట్టుపక్కల ఆడవాళ్ళంతా చేటల్లో బియ్యం తెచ్చుకుని మరీ వచ్చేసేవారు. బియ్యం ఏరినట్టూ ఉంటుంది, సినిమా చూసినట్టూ ఉంటుంది. సినిమా రెండున్నర గంటలయితే పిన్ని కథకి ఇంకో అరగంట ఎక్కువే పట్టేది, ఎందుకంటే సినిమాలో లేని వంటలూ, చీరలూ, తోడికోడళ్ళ మనసులో మాటలూ కూడా ఆవిడే కలిపేది. మధ్యలో ఎవరైనా "చివరికి బతుకుతాడా లేదా చెప్పవమ్మా" అన్నారో, ఇక వాళ్ళ పని అయిపోయినట్టే. మళ్ళీ మొదటినుంచి ఎత్తుకునేది. సినిమా చూసినవాళ్ళు కూడా వచ్చి కూర్చునేవారు. వాళ్ళు చూసినదానికంటే పిన్ని చెప్పిందే బాగుండేదట. నాకు తెలిసి అందులో ముఖస్తుతి ఏమీ లేదు.

అలాంటి మనిషికి పక్షవాతం వచ్చింది. దేవుడి దయవల్ల కాలూ చెయ్యీ కొన్నాళ్ళకి దారికొచ్చాయి గానీ మాట మాత్రం రాలేదు. రాలేదని కాదు, వెతుక్కోవలసి వచ్చేది. రాజమండ్రి డాక్టరుగారు శుభ్రంగా విడమరిచి చెప్పారు. మాటలన్నీ లోపలే భద్రంగా ఉన్నాయండీ, వాటి దగ్గరికి వెళ్ళే దారి పాడైంది, ఆవిణ్ణే వెతుక్కోనివ్వండి, మీరెవరూ అందించకండి అన్నారు. అందరం బుద్ధిగా తలూపాం. ఒక్కళ్ళమూ పాటించలేదు. మా వైపు మర్యాదే అంత కదా. ఎదుటి మనిషి ఇబ్బంది పడుతుంటే చూస్తూ ఊరుకోవడం మాకు చేతకాదు. అందులోనూ బాబాయి కొట్లో పెరిగిన మనిషి. బేరానికి వచ్చినవాళ్ళు నోరు తెరవకముందే వాళ్ళకేం కావాలో పసిగట్టడం ఆయన విద్య. పాపం పిన్ని "మ... మ..." అనేలోపే ఆయన "మంచినీళ్ళా? మందులా? మంచం వాల్చమంటావా?" అంటూ లేచిపోయేవారు. ఆవిడ అడగబోయింది మజ్జిగ. చివరికి ఎదురుగా తెచ్చి పెట్టినవే తాగేసేది. అలా చాలాకాలం తను అడగని వస్తువులన్నీ పుచ్చుకుని, ఒకనాటికి అడగడమే మానేసింది. వసారాలో పీట గోడకి నిలబెట్టేశారు. ఆ ఇంటికి వెళ్ళిన ప్రతిసారీ నా కళ్ళు ముందు ఆ పీట మీదికే పోయేవి.

పిన్ని కోడలిది మొగల్తూరు. ఇంట్లోంచే కంప్యూటరు ఉద్యోగం చేస్తుంది, బాగా సంపాదిస్తుంది, దెయ్యం సినిమాలంటే పడి చస్తుంది. ఆ ఏడు శ్రావణంలో నేను నరసాపురంలో ఉండగా ఎక్కడో జపాను సినిమా ఒకటి చూసి, మర్నాడు భోజనాల దగ్గర అన్నం వడ్డిస్తూ ఆ కథ చెప్పడం మొదలుపెట్టింది. ఉద్యోగంలో ఎంత తెలివో కథ చెప్పడంలో అంత తెలివితక్కువ. "అందులో దెయ్యం ఎవరో కాదండీ, వాళ్ళాయనే" అని మొదటి ముక్కలోనే తేల్చేసింది. పిన్ని చేతిలో ముద్ద చేతిలోనే ఆగింది. మొహం ఎర్రబడింది. కంచం పక్కకి నెట్టి, "అలా కాదు" అంది. మేమంతా నోళ్ళు తెరిచాం. ఆవిడ ఇంకాసేపు గాలిలో వెతుక్కుని, "ముందు... వాన చెప్పాలి" అంది. జబ్బు చేశాక ఎవరూ అందించకుండా ఆవిడ నోటినుంచి వచ్చిన మొదటి వాక్యం అది. ఎదుటి మనిషికి కోపం వచ్చినందుకు అంత సంతోషించడం నా జన్మలో అదొక్కసారే.

ఇక అక్కణ్ణించి అత్తాకోడళ్ళిద్దరూ ఆ సినిమా మీద పడ్డారు. కింద వచ్చే ఇంగ్లీషు అక్షరాలు కోడలు తెలుగులో చదివి పెట్టేది, పిన్ని సైగలతో ఆపి ప్రశ్నలు వేసేది. ఆ దెయ్యాలకి తెల్లబట్టలెందుకు? జుట్టెందుకు విరబోసుకుంటాయి? కోడలు ఫోనులో వెతికి చెప్పేది. ఆ దేశంలో పోయినవాళ్ళకి తెల్లబట్టలు కట్టి సాగనంపేవారట, పాతకాలపు నాటకాల్లో ఆ వేషమే వేసేవారట, సినిమాలవాళ్ళు అదే పట్టుకున్నారట. మనకి మహాలయ పక్షాల్లాగా వాళ్ళకీ ఎండాకాలంలో పెద్దలు ఇంటికొచ్చే రోజులున్నాయట. దెయ్యం కథలు కూడా ఎక్కువగా ఎండాకాలంలోనే చెప్పుకుంటారట, వింటే ఒళ్ళు జలదరించి చల్లబడుతుందని. ఇది విని పిన్ని నవ్విన నవ్వు ఇప్పటికీ నా కళ్ళలో ఉంది. తర్వాత రోజూ సాయంత్రం కోడలి గదిలో కూర్చుని ఆ కథ ముక్కముక్కగా చెప్పుకునేది. కోడలు ఒక చెవి ఇటు పడేసి ఒక కన్ను కంప్యూటరు మీద ఉంచేది కాబట్టి మాట అందించే తీరిక దానికి ఉండేది కాదు. డాక్టరుగారు చెప్పిన వైద్యం ఇంట్లో చేసింది అదొక్కతే, అదీ తెలియకుండానే.

బాబాయి మొక్కుకున్నారని కార్తీకం వచ్చేదాకా ఆగకుండా ఆ వానల్లోనే అందరం అన్నవరం వెళ్ళాం. పొద్దున్నే వ్రతం చేసుకున్నాం. విస్తరాకుల్లో వేడివేడి ప్రసాదం కట్టించుకుని కొండ దిగబోతుండగా వాన పట్టుకుంది. మామూలు వాన కాదు, పంపానది వైపు ఏమీ కనపడలేదు. సత్రం వరండాలో మాతోపాటు ఎక్కడెక్కడివాళ్ళో యాత్రికులు ఇరుక్కున్నారు. పిల్లలు ఏడుస్తున్నారు. ఎవరో పెద్దావిడ, "ఎవరైనా ఏదైనా మాట్లాడండమ్మా, పొద్దు పోవడం లేదు" అంది. పిన్ని స్తంభానికి ఆనుకుని, "నేను... కథ చెప్తాను" అంది.

బాబాయి గబుక్కున దగ్గరికొచ్చారు. "వద్దులేవే, అలిసిపోతావు" అన్నారు. నాకూ వద్దనాలనిపించింది. ఇంట్లో మా ఎదుట తడబడడం వేరు, ముక్కూ మొహం తెలియనివాళ్ళ ఎదుట వేరు. మధ్యలో ఆగిపోయి నలుగురూ అయ్యో పాపం అన్నారంటే ఇక ఆ మనిషి జన్మలో నోరు తెరవదని నాకు తెలుసు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. అయినా "మీరు కూచోండి" అని బాబాయికి చెయ్యి చూపించి మొదలుపెట్టింది.

వానతోనే మొదలుపెట్టింది. సముద్రం ఒడ్డున చిన్న ఊరు. కొత్తగా పెళ్ళయిన పిల్ల. మొగుడు చేపల వేటకెళ్ళి తిరిగి రాలేదు, శవమైనా దొరకలేదు. ఆ తర్వాత వాన పడే ప్రతి సందెవేళా ఊళ్ళో ఎవరో ఒకరి తలుపు చప్పుడవుతుంది. తీస్తే తలొంచుకుని ఒక మనిషి, ఒళ్ళంతా తడి. నీళ్ళు తోడుకోవడానికి ముంత ఉంటే ఇప్పించండి అని మర్యాదగా అడుగుతాడు. పోనీ పాపమని ఇచ్చినవాళ్ళు తెల్లారేసరికి లోపల గడియ పెట్టిన ఇంట్లో, పొడిగా ఉన్న నేల మీద, సముద్రంలో మునిగినట్టు చచ్చి పడుంటారు. దీనికి మూలం ఏమిటో కూడా చెప్పింది పిన్ని. వెనకటి రోజుల్లో ఆ దేశపు పడవవాళ్ళకి ఒక నమ్మకం ఉండేదట. నీళ్ళలో పోయినవాళ్ళు తోడు కోసం పడవ పక్కకి వచ్చి ముంత అడుగుతారు, ఇస్తే దాంతోనే సముద్రపు నీళ్ళు తోడి పడవలో పోసి ముంచేస్తారు. అందుకని ప్రతి పడవలోనూ అడుగు ఊడగొట్టిన ముంత ఒకటి దాచి ఉంచేవారు. అది ఇస్తే ఎంత తోడినా చుక్క పైకి రాదు. సినిమావాళ్ళు పడవ తీసేసి ఇల్లు పెట్టారు.

పూర్వం పిన్ని కథ వరదలా వచ్చేది. ఇప్పుడు ఒక్కో మాటా తడుముకుంటూ వచ్చింది. "తలుపు" అని ఆగేది. వరండా అంతా ఊపిరి బిగబట్టేది. "తీసింది" అనేది. జపాను దెయ్యాలకి తొందరుండదు కదా, ఆ కథకి ఆ నడక ఎంత బాగా అతికిందో చెప్పలేను. పిన్ని జబ్బు సంగతి తెలియని జనం అదంతా ఆవిడ చమత్కారమే అనుకున్నారు. పిల్లలు ఏడుపు మాని తల్లుల కొంగులు పట్టుకున్నారు. నాకు మాత్రం ఆవిడ ఆగిన ప్రతిసారీ ప్రాణం పోయి వచ్చింది.

చివరికి ఆ తలుపు ఆ పిల్ల ఇంటిదే అయింది. తీస్తే మొగుడు. ఆమెని గుర్తుపట్టలేదు. తలెత్తకుండా ముంత అడిగాడు. గోడకి రెండు ముంతలున్నాయి, ఒకటి మంచిది, ఒకటి పడవ కోసం అడుగు ఊడగొట్టి ఉంచినది. మంచిది ఇస్తే ఆమె కూడా అతనితోపాటు వెళ్ళిపోవచ్చు. రెండోది ఇస్తే ఆమె బతుకుతుంది, అతను అలా తోడుతూనే ఉండిపోతాడు. "ఆ పిల్ల లోపలికెళ్ళింది" అంది పిన్ని. "తెచ్చింది. అడుగు లేని..." అని ఆగిపోయింది. అంతసేపూ పిలవగానే పలికిన మాట అప్పుడే మాయమైంది. ఇది కథ కోసం ఆగడం కాదని ఆవిడ కళ్ళు చూసి నాకు తెలిసిపోయింది. ముందు వరసలో ఎవరో "చెంబా?" అన్నారు. ఇంకెవరో "గిన్నా?" అన్నారు. బాబాయి లేచి నిలబడ్డారు. జీవితమంతా ముంతలమ్మిన మనిషి. ఆ మాట ఆయన నాలుక చివర ఉంది. పిన్ని ఆయన వైపు ఒక్క చూపు చూసింది. బాబాయి నోరు మూసుకుని, పైపంచె నోటికి అడ్డం పెట్టుకుని, మళ్ళీ కూర్చున్నారు. కళ్ళవెంట నీళ్ళు కారిపోతున్నాయి, పెదవి మాత్రం కదపలేదు. నా పెళ్ళయిన ఇన్నేళ్ళలో అంతకంటే ప్రేమగా మాట్లాడకుండా ఉన్న మగవాణ్ణి నేను చూడలేదు.

చూరు నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు.

"ముంత" అంది పిన్ని. గట్టిగా, ఖంగుమని. "అడుగు లేని ముంత ఇచ్చింది. ఇచ్చి తలుపు వేసుకోలేదు. గడప మీద కూర్చుంది. తెల్లవార్లూ అతను తోడుతూనే ఉన్నాడు, ఆమె చూస్తూనే ఉంది. పొద్దు పొడిచాక అతను ముంత ఎత్తి చూశాడు. అడుగు లేదు కదా, అందులోంచి ఆమె మొహం కనిపించింది. అప్పుడు తెలిసింది అతనికి, తను పోయానని. దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు."

సినిమాలో ఆ తర్వాత తలుపు కిందనుంచి మళ్ళీ నీళ్ళు వచ్చే ముక్క ఒకటుందట. కోడలు అది చెప్పబోతే, రెండో భాగం కోసం పెట్టుకున్నారు, మనకెందుకని కొట్టిపారేసింది పిన్ని. వరండాలో అంతా ఒక్కసారి కదిలారు. కొందరు కళ్ళు ఒత్తుకున్నారు. పొద్దు పోవడం లేదన్న పెద్దావిడ దగ్గరికి జరిగి, "మీరెక్కడైనా హరికథలు చెప్తారా అండీ?" అని అడిగింది. పిన్ని నింపాదిగా, ఏ మాటా తడుముకోకుండా, "ఇంకో కథ చెప్పనా?" అంది. అప్పటికి వాన వెలిసి చాలాసేపయిందని మాలో ఒక్కరికీ తెలియదు. కాలం ఎవరికోసమూ ఆగదంటారు గానీ, ఆ మధ్యాహ్నం మాత్రం అది మాతోపాటు వరండాలో మఠం వేసుక్కూర్చుని మా పిన్ని తర్వాతి మాట కోసం ఎదురుచూసింది.