రక్తపిశాచి నన్ను కరవలేదు

మా సతీశ్ గాడు గీసిన కామిక్ మొదటి సంచిక ఈ రోజు షాద్‌నగర్‌లో విడుదలైంది. అంటే జిరాక్స్ షాపు బల్ల మీదికి వచ్చింది. పిచ్చాసుపత్రిలో చేరిన రక్తపిశాచి కథ. ఆ పిశాచి బొమ్మ కోసం రెండు నెలలు నల్ల దుప్పటి కప్పుకుని, కోరలకు బదులు కొబ్బరి ముక్కలు పెట్టుకుని వాడి ముందు నిలబడింది ఈ అభాగ్యుడే. పిశాచిని నేనేనని కాలేజీ అంతా చాటింపు కూడా వేసుకున్నాను.

సంచిక తెరిచాను. పిశాచికి ఒళ్లు నాది, మొహం మా క్లాసు నవీన్‌ది! వాడు ఒక్కరోజు వచ్చి, నా సమోసా తిని పోయాడంతే. నా మొహమేమో మూడో మంచం మీది రోగికి దక్కింది.

“గిదేందిరా?” అన్నాను.

“నీ మొహం చూస్తే భయమైతలేదు రా, జాలైతాంది,” అన్నాడు సతీశ్.

సరే, పిశాచి చేత కరిపించుకునైనా చరిత్రలో మిగులుదామని పేజీ తిప్పాను. అది మొదటి రోగిని కరిచింది, రెండో రోగిని కరిచింది, నా మెడ వాసన చూసి నేరుగా నాలుగో మంచానికి పోయింది.

“వచ్చే సంచికల జర ఒక్కసారన్న కరిపియ్యిరా,” అని బతిమాలాను.

“చూద్దాం తీ. నవీన్‌గాన్ని అడగాలె.”

ఈ పోస్టు కింద నా ఫొటో పెట్టాను. ఈ మొహంలో భయపెట్టేది ఏమీ లేదా? నిజం చెప్పండి. అమ్మా, నువ్వు మాత్రం “నా బంగారం” అని రాయకు.