అక్క బ్రౌజర్‌కు స్పీడు పెంచాను

ఈ రోజు పొద్దున గోదావరిఖనిలో అక్క వాళ్ళ క్వార్టర్‌కు వెళ్ళాను. లాప్‌టాప్‌లో బ్రౌజర్ ఎంతకీ తెరుచుకోవడం లేదని అక్క చాన్నాళ్ళుగా నా ప్రాణం తీస్తోంది. చూస్తే రకరకాల పనులకు తగిలించుకున్న ఎక్స్‌టెన్షన్లే దాని నిండా.

"అక్కా, గిన్ని తగిలిస్తే ఎట్ల ఉరుకుతది?" అని విసుక్కుని, ఏది ఎందుకో అడగకుండానే అన్నీ పీకేశాను. బ్రౌజర్ ఇట్టే తెరుచుకుంది. గర్వంగా ఒక వంటల సైటు నొక్కాను. పక్కన ఏదో పెయింట్ ప్రకటన దానంతటదే మొదలై, ఇల్లు దద్దరిల్లేలా పాట అందుకుంది.

నైట్ షిఫ్టు చేసొచ్చి, అప్పుడే కన్నంటుకున్న బావ లోపలి గదిలోంచి లేచి వచ్చి నిలబడ్డాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నేను పాట ఆపగానే మళ్ళీ లోపలికి వెళ్ళి పడుకున్నాడు.

"బావ పొద్దంత పండుకుంటడని, ప్రకటనలు మొత్తుకోకుండ ఒకటి పెట్టుకున్న తమ్మీ. గదాన్ని గూడ పీకినవా?" అంది అక్క.

ఆ ఒక్కదాన్నే మళ్ళీ పెట్టాను. బ్రౌజర్ కాస్త నెమ్మదించింది. బ్రౌజర్ తేలిగ్గా ఉండాలని ఆఫీసులో అందరితో వాదించేది నేనే. కానీ రాత్రికి మళ్ళీ బొగ్గుబాయిలోకి దిగే మనిషి నిద్ర కంటే ఆ స్పీడు ఎక్కువేం కాదు.

మీరైతే ఏది ఉంచుతారు? చప్పుడు చేయకుండా కామెంట్ పెట్టండి. బావ ఇంకా లేవలేదు.