మూడు ముళ్ళ డబ్బా

ముత్తుకూరు దగ్గర థర్మల్ ప్లాంటులో ఉద్యోగం వచ్చాక, చేపలు పట్టేవాళ్ళ పల్లెలో గది అద్దెకు తీసుకున్నాను. ఆ వీధిలో నాతో మాట్లాడింది ఒక్కరే, ఇంటి ఓనరు తల్లి. షిఫ్టు దిగి వచ్చేసరికి అరుగు మీద ఉండేది. "తినినావా అబ్బయా?" అనేది. మీటరు రీడింగులు కాకుండా రోజంతా నన్ను ఎవరైనా అడిగేది అదొక్కటే.

ఆమెకు ఉబ్బసం. ఆయాసం ఎక్కువైతే ఎండిన ఉమ్మెత్తాకు నిప్పుల మీద వేసి పొగ పీల్చేది. అదే ఆకు కడుపులోకి పోతే ప్రాణాలే పోవచ్చట. పొరపాటున దాని కషాయం తాగిన వాళ్ళ మేనమామ రెండు రోజులు నట్టింట్లో కూర్చుని, చేతిలో లేని వల అల్లినాడట.

ఆమె చెప్పే మందు మొక్కలకు నేను పట్టిక గీశాను: పేరు, భాగం, వాడకం, ప్రమాదం.

ఆమెవి మూడు పాత పాలపొడి డబ్బాలు, ఒకేలాంటివి. తులసాకు, గసగసాలు, ఉమ్మెత్తాకు. చూపు సరిగా ఆనదు కాబట్టి మూతలకు వలదారం కట్టి ఒకటి, రెండు, మూడు ముళ్ళు వేసుకుంది. ఉమ్మెత్తకే మూడెందుకని అడిగాను.

"మూడు ముళ్ళు పడినాకే కదా భయమంటే ఏందో తెలిసింది," అంది. నవ్వబోతే దగ్గు వచ్చింది.

ఒక ఆదివారం ఆమె గుడికి పోయినప్పుడు డబ్బాలన్నీ కాగితాల మీద కుమ్మరించి, కడిగి, ఆరబెట్టి, మళ్ళీ నింపాను. జిడ్డు పట్టిన దారాలు కత్తిరించి పారేశాను. పేర్లు రాసి అంటించాను, ఉమ్మెత్తది ఎర్ర సిరాతో. ఆమెకు చదువు రాదని నాకు తెలుసు. ఆ పూట గుర్తుకు రాలేదు.

సాయంత్రం ఆమె వేళ్ళు మూతల చుట్టూ చాలాసేపు తిరిగాయి. తిట్టలేదు. ముళ్ళు మళ్ళీ వేసిస్తానన్నాను.

"నలిగిన ఆకుల్లో ఏది ఏందో నీకు ఖాయంగా తెల్సునా అబ్బయా?"

తెలుసన్నాను, కొంచెం ఆలస్యంగా. ఆ ఆలస్యం ఆమెకు చాలు. మూడు డబ్బాల్లోవీ పెరట్లో గుంట తీసి పోసేసింది.

నాలుగో రోజు ఆయాసం వచ్చింది. పొగ వేయడానికి ఆకు లేదు. కొడుకు నెల్లూరు ఆసుపత్రికి తీసుకుపోయాడు. బతికింది. ఇప్పుడు బోగోలులో కూతురి దగ్గర ఉంటోంది, నోట్లో కొట్టుకునే మందు వాడుతోందట. దాంతో ఊపిరి బాగానే ఆడుతోందని కొడుకు చెప్పాడు. నా గురించి ఏమైనా అడిగిందా అని నేను అడగలేదు.

ఖాళీ డబ్బాలు నా గదిలో ఉన్నాయి. పట్టికలో 'గుర్తు' అని ఐదో గడి చేర్చాను. వలదారం కొని ఒక మూతకు మూడు ముళ్ళు వేశాను. కళ్ళు మూసుకుని తడిమితే నాకు రెండే తగులుతున్నాయి.