ఫైనల్లో బూట్లు విప్పించిన మా డ్రిల్లు సారు

మా డ్రిల్లు సారు పోయారు. ఈ కబురు నాకు పోయిన వారం, మండల పోటీలకు పిల్లల్ని ఆటో ఎక్కిస్తుండగా వచ్చింది. మా పాత ఖోఖో జట్టు వాట్సప్ గ్రూపులో మునిలక్ష్మి ఒక్క ముక్క పెట్టింది: "సారు తెల్లారుజామున నిద్రలోనే పోయినారంట మే." ఫోను చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఆటోలో పన్నెండు మంది ఆడపిల్లలు ఒళ్లో టిఫిను డబ్బాలు పెట్టుకుని, ఏమైందో తెలియక నా మొహం చూస్తున్నారు.

నేనిప్పుడు చిత్తూరు దగ్గర ఒక హైస్కూల్లో ఆయన చేసిన ఉద్యోగమే చేస్తున్నాను. పిల్లల్ని ఇంకో టీచరుకు అప్పగించి సారు ఊరికి పోయే పుత్తూరు బస్సెక్కాలా, పోటీకి పోవాలా అన్నది కాసేపు తేల్చుకోలేకపోయాను. సారైతే ఏమనేవారో నాకు బాగా తెలుసు. "ఆట ఇడిసిపెట్టి యాల వస్తివి? నేనేమన్నా లేచి పారిపోతానా?" అని తిట్టేవారు. ఆటో ఎక్కాను. మా పిల్లలు రెండు మ్యాచులూ గెలిచారు. వాళ్లను ఇళ్లకు చేర్చి, అటునుంచి అటే సారు ఊరికి బయలుదేరాను.

వాకిట్లో షామియానా కింద జనం. సారు భార్యను మేమంతా అమ్మా అనే పిలిచేవాళ్లం. ఆమె నన్ను చూసి కొంగుతో మొహం తుడుచుకుని అడిగిన మొదటి మాట, "పోటీకి పోయింటివంట గదా, గెలిస్తిరా?"

"గెలిచినామమ్మా."

ఆమె సారు వైపు తిరిగి, చెవి దగ్గరకు వంగి, "గెలిచినారంట" అని చెప్పింది. అప్పటిదాకా పట్టుకున్న ఏడుపు నాకు అప్పుడు వచ్చింది. దాంతోపాటే నవ్వూ వచ్చింది. ఆ ఇంట్లో ముప్పై ఏళ్లుగా సాయంత్రం సారు గేటు తీయగానే వినబడే ప్రశ్న అదే మరి.

డ్రిల్లు సారంటే కండలు తిరిగిన మనిషిని ఊహించుకుంటారేమో. మా సారు పొట్టి, కాస్త బొజ్జ, ఎండకు కమిలిన బట్టతల. ప్యాంటు జేబులో ఎప్పుడూ శెనక్కాయలు ఉండేవి. బాగా ఆడితే నాలుగు గింజలు, బాగా ఆడకపోతే రెండు. అసలు ఇవ్వకపోవడం అన్నది లేదు. ఆయన నోటినుంచి వచ్చే పెద్ద మెప్పు "పర్వాలేదు" అన్న మాట. అది విన్న రోజున మేము ఇంటికి నడిచి వెళ్లేవాళ్లం కాదు, ఎగిరి వెళ్లేవాళ్లం.

మా స్కూలు గ్రౌండు నిండా గులకరాళ్లే. ఆట మొదలుపెట్టే ముందు తలా పది రాళ్లు ఏరి గోడ అవతల వేయాలని ఆయన రూలు. ఆయన కూడా బొజ్జ అడ్డం వస్తున్నా వంగి పది ఏరేవారు. గోడ అవతల చిన్న గుట్ట లేచింది గానీ గ్రౌండులో రాళ్లు మాత్రం తరగలేదు. "ఈ రాళ్లు యాడో పిల్లల్ని పెడతాండాయి మే" అనేవారు సారు.

ఖోఖో తెలియనివాళ్లకు రెండు మాటలు చెప్పాలి. ఎనిమిది మంది ఒకే వరుసలో, ఒకరు ఇటు, ఒకరు అటు మొహం పెట్టి కూర్చుంటారు. తొమ్మిదో మనిషి ఎదుటి జట్టు వాళ్లను తరుముతుంది. ఆమె వెనక్కి తిరగకూడదు, వరుసను దాటకూడదు. తప్పించుకునేవాళ్లు వరుస దాటి అవతలికి పోతే, అటువైపు మొహం పెట్టి కూర్చున్నదాని వీపు తట్టి "ఖో" అనాలి. ఆమె లేచి పరిగెత్తుతుంది, తట్టినది ఆమె చోట్లో కూర్చుంటుంది. చూసేవాళ్లకు పరుగే కనబడుతుంది. మా సారు మాత్రం మొదటి నెలంతా మాకు కూర్చోవడమే నేర్పారు.

నేను బడిలో మగపిల్లల కంటే వేగంగా పరిగెత్తేదాన్ని. ఆ పొగరు నాకు నిండుగా ఉండేది. ఎండలో గొంతుక్కూర్చుని కాళ్లు తిమ్మిర్లెక్కుతుంటే ఒకరోజు విసుక్కున్నాను. "ఇంకెన్ని దినాలు సార్ ఈ కూర్చునేది?"

"కూర్చున్నోళ్లే మే ఆడతాండేది. పరిగెత్తే పాప ఊరికే కాళ్లాడిస్తా ఉండాది. వీపుతో వినండి. ఎనకాల ఎవురొస్తాండారో వీపుకు తెలియల్ల" అన్నారు.

ఆ మాట అప్పట్లో నాకు చాదస్తంలా తోచింది. ఇప్పుడు మా పిల్లలకు అదే చెబుతున్నాను, వాళ్లూ నన్ను అలాగే చూస్తున్నారు.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా అసలు చిక్కు వచ్చింది. అంతకుముందు మూడేళ్లు మా ఆడపిల్లల జట్టు జిల్లా పోటీలకు వెళ్లడం, మొదటి మ్యాచులోనే ఓడి రావడం. ఆ ఏడు మా ఇంట్లో వద్దన్నారు. సారు స్వయంగా వచ్చారు. మా నాయన బెల్లం వండే కాడ పని ముగించుకుని అప్పుడే వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"మూడేండ్లుగా పిలుచుకోని పోతాండారు సార్, వట్టి చేతుల్తో వస్తాండారు. ఆడబిడ్డ. వచ్చే ఏడు పదో తరగతి. కాలో చెయ్యో ఇరిగితే ఎవురు సూస్తారు?" అన్నాడు నాయన.

"ఎముకలకు కట్టు కట్టే పుత్తూరు పక్కనే ఉండాది గదప్పా, నేనే కట్టు కట్టిస్తా."

లోపల మా అమ్మ నవ్వింది. నాయన నవ్వలేదు. అప్పుడు సారు కూడా నవ్వు ఆపి, "ఈ ఒక్క తూరి పంపించు. కప్పు తెస్తాము. తేకపోతే మళ్లా నీ గడప తొక్కను, పాపను ఆటకు పిలవను" అన్నారు.

"మాటేనా సార్?"

"మాటే."

తలుపు చాటున ఉన్న నాకు ఒళ్లు మండింది. నా ఆటను నన్నడగకుండా పందెం కట్టేశారు పెద్దమనుషులిద్దరూ! మర్నాడు గ్రౌండులో ఆ మాటే అడిగేశాను. సారు రాయి ఏరుతూ తలెత్తకుండా, "గెలిచేదానికి పోతాండామా, బస్సులో కిటికీ సీటు కోసరం పోతాండామా?" అన్నారు. తర్వాత తెలిసింది, ఆయన ఆ మాట ఐదిళ్లలో ఇచ్చారని. కప్పు రాకపోతే నా ఒక్కదాని ఆటే కాదు, మా జట్టే ఉండదు.

పోటీలు తిరుపతిలో. పుత్తూరులో చెప్పుల అంగడి పెట్టిన పాత శిష్యుణ్ని ఒప్పించి సారు మాకోసం తెల్లటి బూట్లు సంపాదించారు. మా పన్నెండు మందినీ పాత పేపర్ల మీద నిలబెట్టి, పాదాల చుట్టూ పెన్సిలుతో గీసుకుని వెళ్లి తెచ్చిన బూట్లు. అవి ముందురోజు సాయంత్రం వచ్చాయి. తొడుక్కుని ఒక్క చుట్టు పరిగెత్తబోతే సారు కేకేశారు. "మట్టి అంటనీబాకండి మే! కప్పు తీసుకునేటప్పుడు స్టేజీ మీద వేసుకుందురు." అన్నీ గోనెసంచిలో కట్టేసి ఆయన భుజాన వేసుకున్నారు.

పొద్దున రెండు మ్యాచులు మాకు అలవాటైనట్టే వట్టికాళ్లతో ఆడి గెలిచాం. ఏ ఏడూ మొదటి మ్యాచు దాటనివాళ్లం ఫైనలుకు వచ్చాం. మధ్యాహ్నం చింతపండన్నం తిని కొళాయి దగ్గర చేతులు కడుక్కుంటుంటే, ఫైనల్లో మాతో ఆడబోయే టౌను స్కూలు పిల్ల ఒకతె మా కాళ్లు చూసి పక్కదానితో ఏదో అని నవ్వింది. మేము పట్టించుకోలేదు. పక్కనే నీళ్లు తాగుతున్న సారు మాత్రం గ్లాసు కింద పెట్టేశారు. నేరుగా వెళ్లి గోనెసంచి విప్పారు.

"ఫైనలు గదా. మారాజుల బిడ్డల్లాగ ఆడండి" అని ఒక్కొక్కరికీ తనే లేసులు బిగించి, రెండేసి ముడులు వేశారు. ఆయన కళ్లల్లో అంత మెరుపు నేను అంతకుముందు చూడలేదు.

ఆ బూట్లు మా కొంప ముంచాయి. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి వేళ్లతో నేలను పట్టుకుని పరిగెత్తినవాళ్లం. స్తంభం దగ్గర మలుపు తిరిగితే జారుతున్నాం. ఖో వినబడ్డాక లేవాలంటే పాదం ఎక్కడుందో తెలియడం లేదు. వాళ్లు తరిమినప్పుడు మాలో తొమ్మిది మంది దొరికిపోయారు. మేము తరిమినప్పుడు నలుగురే దొరికారు. చుట్టూ ఉన్న పిల్లలు ఈలలు వేస్తున్నారు. నాకు నాయన మొహం కనబడుతోంది.

మధ్యలో విరామం ఇచ్చారు. సారు మా దగ్గరకు వచ్చి మా కాళ్ల వైపు చూశారు. తర్వాత, "బూట్లు ఇప్పేయండి" అన్నారు.

"అందరూ సూస్తాండారు సార్, నవ్వుతారు" అన్నాను నేను.

"నవ్వనీ. తప్పు నాది. ఎవురో నవ్విందని నేను రోషపడి మీ కాళ్లకు సంకెళ్లు వేస్తిని. తిట్టాలంటే ఆట అయినాంక తిట్టండి. ఇప్పుడు ఇప్పండి."

తప్పు నాది అని ఒక పెద్దాయన మాతో అనడం మాకు అదే మొదటిసారి. ఇంట్లో గాని బడిలో గాని తప్పులన్నీ ఎప్పుడూ మావే. ఆయన వేసిన ముడులు మాకు ఊడి రావడం లేదు. సారు అందరి ముందూ నేల మీద కూర్చుని నా పాదం ఒళ్లోకి తీసుకున్నారు. గురువు నా కాలు పట్టుకోవడమేమిటని వెనక్కి లాక్కోబోయాను. "ఉండు మే, లాగితే ముడి బిగుస్తాది" అన్నారు. మునిలక్ష్మి ఏడ్చేసింది. దాని చేతిలో నాలుగు శెనక్కాయలు పెట్టారు.

మట్టి తగలగానే పాదాలకు ప్రాణం లేచి వచ్చింది. ఈసారి వాళ్లు తరిమితే మాలో ముగ్గురే దొరికారు. అంటే వాళ్లవి మొత్తం పన్నెండు, మావి నాలుగు. చివరి వంతు మాది. తొమ్మిది మందిని పట్టుకుంటే కప్పు మాది, ఎనిమిదితో ఆగితే సమం.

ఒకటి, రెండు, మూడు. ఖో, ఖో అని అరుపులు. నెలరోజులు కూర్చున్న కూర్చోడం ఆ రోజు పనికొచ్చింది. చెయ్యి వీపును తాకిందో లేదో మాలో ఒకరు గాల్లో ఉన్నారు. ఇందాక ఈలలు వేసినవాళ్లే ఇప్పుడు మా పాయింట్లు గట్టిగా లెక్కపెడుతున్నారు. ఎనిమిదయ్యాయి. అప్పుడు తరిమేది నేను. నా ముందు పరిగెత్తుతున్నది కొళాయి దగ్గర నవ్విన పిల్లే. చేతికి అందుతుందనగా అది చటుక్కున వరుస దాటి అవతలికి జారింది. స్తంభం చుట్టి వెళ్లి నేనే పట్టుకోవాలని ఒళ్లంతా తహతహలాడింది. నాయన ముందు నా ఆట నేనే గెలుచుకున్నానని చెప్పుకోవాలి. కానీ సమయం లేదు. ఆ పక్కకు మొహం పెట్టి మునిలక్ష్మి కూర్చుని ఉంది. నావైపు చూడడం లేదు. వీపుతో వింటోంది.

"ఖో!"

రెండే అంగలు. ఆ పిల్ల జడ చివర మునిలక్ష్మి చేతికి తగిలింది. అంపైరు ఈల వేశాడు. మునిలక్ష్మి మీద నేను, నా మీద మిగతా పదిమంది పడ్డాం. అడుగున ఎవరున్నారో కూడా తెలియకుండా అరిచాం. లేచి చూస్తే సారు గీత అవతల బట్టతల మీద రెండు చేతులూ పెట్టుకుని నిలబడి ఉన్నారు. ఆయన దగ్గరకు పరిగెత్తి, "పర్వాలేదా సార్?" అని అడిగాను.

"పర్వాలేదేందే! బ్రహ్మాండం!" అని అరిచారు. ఆ మాట ఆయన నోట మళ్లీ ఎప్పుడూ వినలేదు.

కప్పు తీసుకోవడానికి స్టేజీ మీదికి వట్టికాళ్లతోనే ఎక్కాం. ఆ తర్వాత పదో తరగతిలోనూ ఆడాను, కాలేజీలోనూ ఆడాను, ఆ ఆటతోనే ఈ ఉద్యోగంలోకి వచ్చాను. మా పన్నెండు మందిలో ఎవరమూ పేపర్లకెక్కలేదు. అయినా మాలో ఎవరూ తలొంచుకుని బతకడం లేదు. అందుకు ఆయనకు చేతులెత్తి మొక్కుతున్నాను. బతికుండగా ఇదంతా ఆయనతో చెప్పలేదు. చెప్పి ఉంటే, "సాల్లే మే, రాళ్లేరు" అనేవారు.

కప్పు గెలిచిన ఆ సాయంత్రం బస్సు దిగేసరికి ఇంకా వెలుగుంది. సారు ఒక్కొక్కరినీ ఇంటి దగ్గర దించుతూ చివరికి మా వీధికి వచ్చారు. అప్పటికే వీధి వీధంతా మా వెంట ఉంది. మా ఇంటి ముందు ఆగి, కప్పును గడప ఇవతలే పెట్టి నిలబడ్డారు. నాయన నోటినుంచి పిలుపు రావాలని లోపలికి అడుగు వేయలేదు.

నాయన బయటికి వచ్చాడు. కప్పును చూశాడు, నన్ను చూశాడు. మోకాళ్ల దాకా మట్టి కొట్టుకుని ఉన్నాను. తర్వాత సారును అడిగాడు: "అది సరే సార్, ఇంతకీ ఈ ఆట ఎట్లాడతారు?"

అంతలా వద్దన్న మనిషికి ఆట ఏమిటో తెలియదని మాకు అప్పుడే తెలిసింది. సారు నవ్వి, "నోటితో చెప్తే రాదప్పా, కూర్చో" అన్నారు. నాయనను వీధి మధ్యలో గొంతుక్కూర్చోబెట్టారు. పక్కన అమ్మను అటు తిప్పి కూర్చోబెట్టారు. ఎదురింటి పెద్దమ్మ, పాలు పోసే ఆయన, మునిలక్ష్మి వాళ్ల నాయన, అందరూ ఒకరిటు ఒకరటుగా వరుసలో కూర్చున్నారు. తప్పించుకోమని నన్ను ముందుకు తోసి, సారు బొజ్జ ఊగిపోతుంటే వీధి పొడుగునా నన్ను తరిమారు. నేను చటుక్కున వరుస దాటాను. సారు రొప్పుతూ వంగి, మా నాయన వీపు మీద చరిచి "ఖో!" అన్నారు. నాయన లుంగీ ఎగ్గట్టుకుని, పకపకా నవ్వుతూ, నా వెంట పరుగందుకున్నాడు.