ఒంటిచేత్తో చదివిన పన్నెండో పుస్తకం

2023లో జరిగిన సంగతి ఇది. నరసరావుపేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రి, రెండో అంతస్తులో ఎనిమిది పడకల డయాలసిస్ యూనిట్. అందులో నేను టెక్నీషియన్ని. ఇప్పటికీ అక్కడే చేస్తున్నాను. మా ఊరు ముప్పాళ్ళ దగ్గర. వారమంతా పేటలో హాస్టల్లో ఉండి ఆదివారం ఇంటికి వెళతాను. మొదటి షిఫ్టు ఆరింటికి మొదలవుతుంది. అంతకు ముందే వెళ్ళి మిషన్లు సిద్ధం చేయాలి, గొట్టాలు అమర్చాలి, వాటిలో గాలి బుడగ లేకుండా సెలైన్ నింపాలి. పేషెంట్లు వచ్చేసరికే నాకు సగం రోజు అయిపోయినట్టు ఉంటుంది.

మా పని తెలియనివాళ్ళకి రెండు మాటలు. కిడ్నీలు పనిచేయని మనిషి రక్తాన్ని మిషన్ బయటికి తీసి, శుభ్రం చేసి, మళ్ళీ ఒంట్లోకి పంపుతుంది. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. చేతిలో రెండు రక్తనాళాలను కలిపి చేసిన చోటుని ఫిస్టులా అంటాం. సూదులు అక్కడే గుచ్చుతాం. ఆ చెయ్యి నాలుగు గంటలూ కదలకూడదు. వీళ్ళకి మూత్రం సరిగా రాదు కాబట్టి తాగిన నీళ్ళన్నీ ఒంట్లోనే ఉండిపోతాయి. మిషన్ ఆ నీటిని లాగడాన్ని యూఎఫ్ అంటాం. తక్కువ లాగితే కాళ్ళు వాచి, ఊపిరితిత్తుల్లోకి నీరు చేరి ఆయాసం. తొందరపడి ఎక్కువ లాగితే బీపీ పడిపోతుంది. మా పనంతా ఈ రెంటి మధ్యనే.

నేను ఎక్కువ మాట్లాడే మనిషిని కాను. పుస్తకాలు చదువుతాను, డైరీ రాసుకుంటాను. ఆ జనవరిలో పుస్తకాలు చదివేవాళ్ళ గ్రూపు ఒకదాంట్లో ఫోనులో చేరాను. ఏడాదికి ఎన్ని చదువుతారో అందరూ ముందే ప్రకటించారు. ఒకరు యాభై అన్నారు, ఒకరు వంద. మిషన్ల దగ్గర నిలబడి నిలబడి హాస్టల్‌కి చేరాక నాకు రెండు పేజీలకే కళ్ళు మూతలు పడతాయి. నెలకొకటి చొప్పున పన్నెండు అని డైరీలో రాసుకున్నాను. గ్రూపులో ఏమీ చెప్పలేదు.

మా పేషెంటు ఆదిలక్ష్మమ్మగారు ఆ సంగతి ఎలా పట్టిందంటే, మొదటి షిఫ్టుకి ఆమె అందరికంటే ముందు వచ్చేది. రొంపిచెర్ల వైపు వాళ్ళు, మిరప, పత్తి వేసే పెద్ద కమతం. ఒక విడత సర్పంచిగా చేసింది. ఆమె గొంతు మా యూనిట్లో ఏ మూలకైనా వినిపిస్తుంది. ఒకరోజు మిషన్ సిద్ధమయ్యే లోపల నేను బల్ల దగ్గర చదువుకుంటుంటే వచ్చి నిలబడింది.

"ఏందే అమ్మాయ్, పరీక్షా?"

"కాదు పెద్దమ్మా. ఊరికే. ఈ ఏడాది పన్నెండు పుస్తకాలు చదవాలని."

"చదివితే ఎవరన్నా ఏమన్నా ఇస్తారా?"

"ఏమీ ఇవ్వరు."

"ఏమీ ఇవ్వకపోయినా నువ్వు చదువుతుంటే, మాకేం రోగం? నాలుగ్గంటలు ఆ ఫ్యాను వంక చూస్తా పడుంటన్నాం. నన్ను గూడా చేర్చుకో."

చేరింది. కానీ మొదటి రోజే చిక్కొచ్చింది. ఎడమ చేతికి సూదులు. కుడిచేత్తో అంత లావు పుస్తకం ఎత్తి పట్టుకుంటే పేజీ తిప్పడానికి చెయ్యి లేదు. గుండెల మీద పెట్టుకుంటే జారిపోతోంది. పది నిమిషాలకే ఆమెకి విసుగొచ్చింది.

"కోసెయ్యవే దీన్ని. పుచ్చకాయని ముక్కలు చేసుకునేగా తింటాం."

నాకు ప్రాణం ఒప్పలేదు. కానీ ఆమె మాటలో తప్పేం లేదు. పాత పుస్తకాల కొట్లో కొన్న నవల అది. వీపు దగ్గర కుట్టు విప్పి, సర్జికల్ బ్లేడుతో పలచని భాగాలుగా కోశాను. ఒక్కో భాగానికి స్టేపుల్ కొట్టి, ప్లాస్టిక్ కవర్లో పెట్టాను. ఇప్పుడది ఒంటిచేత్తో పట్టుకుని బొటనవేలితో తిప్పుకునేంత తేలికైంది. ఒకరి భాగం అయిపోగానే చేతులకి శానిటైజర్ రాసి పక్క పడకకి అందించేదాన్ని. అలా మొదటి షిఫ్టులో నలుగురు చదివేవాళ్ళు తయారయ్యారు. అందరికీ లెక్క ఒకటే. పన్నెండు. భాగాలు ఇంటికి తీసుకెళ్ళకూడదని ఆదిలక్ష్మమ్మగారే నియమం పెట్టింది. ఒకటి బస్సులో పోయిందంటే మిగతావాళ్ళ కథ మధ్యలో తెగుతుంది.

ఆ నలుగురిలో సుబ్బారావుగారు ఉండటం నేను ఊహించనిది.

ఆయనకి పేటలో స్టీలు సామాన్ల కొట్టు. అరవై దాటలేదు. మా యూనిట్లో అందరికంటే భయపెట్టే పేషెంటు ఆయనే. అరవడం, కొట్టడం కాదు. మిషన్ మీద మూడు గంటలు కాగానే మొదలుపెట్టేవారు. "అమ్మాయ్, కొట్లో బేరం పోద్ది. అరగంట ముందు తీసెయ్." మేం వద్దంటే సంతకం పెట్టి వెళ్ళిపోయేవారు. ఆ అరగంటలో పోవాల్సిన నీరు ఒంట్లో ఉండిపోయేది. రెండు దిండ్లు ఎత్తు లేనిదే పడుకోలేకపోయేవారు. ఆయాసంతో రెండుసార్లు ఎమర్జెన్సీకి తెచ్చారు. మూడోసారి ఏమవుతుందో ఆయన భార్యకి డాక్టరుగారు చెప్పేశారు. ఆమె మా గుమ్మం దగ్గర నిలబడి చీర చెంగు నోట్లో కుక్కుకుని ఏడవడం నేను చూశాను.

ఎంత చెప్పినా వినని మనిషి, పక్క పడక మీంచి వచ్చిన ఒక ముక్క చదివి మారిపోయారు. కథ మధ్యలో ఉండగా మూడు గంటలు దాటింది. నేను అలవాటుగా ఆయన వైపు చూశాను. తల ఎత్తలేదు. నాలుగు గంటలూ ఉన్నారు. ఆ తర్వాత కూడా ఉన్నారు. వేసవి నాటికి ఒక్క దిండు మీద పడుకుంటున్నారని ఆయన భార్య చెప్పింది. ఒక పుస్తకానికి ఆదిలక్ష్మమ్మగారు ముందు, తర్వాతి దానికి సుబ్బారావుగారు ముందు అని వాళ్ళిద్దరూ వంతు పెట్టుకున్నారు.

నవంబరు చివరికి పదకొండు అయ్యాయి. పన్నెండోది పెద్ద నవల. ఒక ఇంట్లో అన్నదమ్ములు విడిపోయే కథ. వంతు సుబ్బారావుగారిది. ఆయన నిదానంగా చదివే మనిషి. వెనక ఆదిలక్ష్మమ్మగారు కాచుకుని ఉంది.

"ఏమయ్యా తమ్ముడూ, ఆ భాగం గూడా నీ కొట్లో తూకానికి పెట్టావా? కాటా దిగదేంది?"

"ఆగు అక్కయ్యా. నమిలి మింగనీ."

"నువ్వు నమిలేలోగా ఉగాది వస్తది. లెక్క డిసెంబరుకి గదా."

అందరం నవ్వాం. డిసెంబరు మధ్యలో ఒకరోజు ఆయన బంధువుల పెళ్ళి భోజనం చేసి వచ్చారు. బరువు చాలా పెరిగింది. యూఎఫ్ ఎక్కువ పెట్టక తప్పలేదు. బీపీ పట్టీ పుస్తకం పట్టుకునే చేతికే ఉంటుంది. అరగంటకోసారి అది బిగుసుకున్నప్పుడు ఆయన పుస్తకం దించి, వదలగానే మళ్ళీ ఎత్తుకుంటారు. చివరి కొలత బాగానే ఉంది. నేను మూడో పడక దగ్గర సూది చోటు చూస్తూ ఆయన వైపు ఒకసారి చూశాను. మొహానికి అడ్డంగా పుస్తకం, కదలకుండా. కాసేపటికి మళ్ళీ చూశాను. అదే పేజీ. ఆయన నిదానమే, కానీ అంత నిదానం కాదు.

"బాబాయ్‌గారూ."

పలకలేదు. పుస్తకం తీశాను. మొహం పాలిపోయి, నుదురంతా చెమట. బీపీ చూస్తే డెబ్భై బై నలభై. తల వైపు కిందికి దించి, యూఎఫ్ ఆపి, సెలైన్ వదిలాను. నర్సు ఆక్సిజన్ పెట్టింది. కొద్ది నిమిషాలకి ఆయన కళ్ళు తెరిచారు.

"ఎప్పటి నుంచి ఇట్లా ఉంది బాబాయ్‌గారూ?"

"ఇందాకటి నుంచే. కళ్ళు తిరగతా ఉన్నయ్."

"చెప్పలేదేం?"

"చెబితే పడుకోబెట్టి పుస్తకం తీసుకుంటావ్. నాలుగు పేజీలే ఉన్నయ్. అక్కయ్య కాచుకోనుంది గదా."

డాక్టరుగారు వచ్చారు, చూశారు, అంతా విన్నారు. మంచివారే, కానీ మూడు ఆసుపత్రులు తిరిగే మనిషి. ఆయన కళ్ళ కింద నల్లగా ఉంది. "రేపటి నుంచి ఈ పుస్తకాలు వద్దు. టీవీ పెట్టండి" అని వెళ్ళిపోయారు.

టీవీ పెట్టాం. తర్వాతి డయాలసిస్‌కి సుబ్బారావుగారు మూడు గంటలు కాగానే గోడ గడియారం చూశారు. "ఇంకేముంది ఇక్కడ? తీసెయ్ అమ్మాయ్." సంతకం పెట్టి వెళ్ళారు. ఆ తర్వాతి డయాలసిస్‌కి అసలు రాలేదు. ఆయన నాలుగో పడక ఖాళీగా ఉంది. కొట్టుకి ఫోను చేస్తే, రద్దీగా ఉంది, రేపు వస్తానన్నారని గుమాస్తా చెప్పాడు. రేపు అనేది ఎటు పోతుందో మాకు తెలుసు.

ఆ మధ్యాహ్నం డాక్టరుగారి గది బయట నిలబడ్డాను. నాలుగేళ్ళలో ఆయనతో నేను అడిగినదానికి జవాబు చెప్పడం తప్ప మాట్లాడింది లేదు. పని చేసీ చేసీ కాళ్ళు లాగుతున్నాయి. వెళ్ళిపోదామనిపించింది. అంతలో నర్సు తలుపు తీసుకుని బయటికొచ్చింది. లోపల బల్ల దగ్గర రాసుకుంటున్న డాక్టరుగారు తల ఎత్తారు.

"ఏంటమ్మా?"

"సార్, సుబ్బారావుగారు ఈరోజు రాలేదు. నాలుగు గంటలూ ఉండటం పుస్తకాల వల్లే అలవాటైంది సార్."

"బీపీ పడినట్టు తెలియకపోయింది కూడా వాటివల్లేగా."

"అవును సార్." అక్కడితో ఆగిపోయేదాన్నే. కానీ ఆయన భార్య మొహం గుర్తొచ్చింది. "ఆయన మనసులో చదువుకుంటుంటే మనకి తెలియలేదు సార్. పైకి చదివితే తెలుస్తుంది. బీపీ పడేముందు గొంతు నీరసిస్తుంది, మాట తడబడుతుంది. ఆయన్నే పైకి చదవమందాం. మిగతావాళ్ళు వింటారు. ఎవరూ ఎవరి కోసం కాచుకోనక్కర్లేదు."

ఆయన పెన్ను కింద పెట్టి నన్ను చూశారు. నేను అంతసేపు మాట్లాడతానని ఆయన అనుకోలేదు. నేనూ అనుకోలేదు.

"ఆయన గొంతు నీకు వినపడేంత దగ్గరలో నువ్వుంటావా?"

"ఉంటాను సార్."

"సరే. ఒక వారం చూద్దాం. పడక మార్చి నీ బల్ల పక్కకి తెచ్చుకో."

మరుసటి ఉదయం ఆదిలక్ష్మమ్మగారికి డయాలసిస్ లేదు. అయినా ఆమెకి ఫోను చేసి సంగతి చెప్పాను. అవతల నుంచి, "వాడి నంబరు నా దగ్గరుందిలే, పెట్టెయ్" అంది. ఏం అందో తర్వాత సుబ్బారావుగారే చెప్పారు. రాకపోతే మిగిలిన భాగాలన్నీ తనే చదివేసి, చివరికి ఆ ఇంట్లో ఎవరు పోతారో బజారులో మైకు పెట్టి చెబుతానందట.

వచ్చారు. కాళ్ళు దుంగల్లా వాచి, మెట్లెక్కలేక వీల్‌చైర్లో వచ్చారు. మొదటి రోజు చదవలేదు, ఆయాసం. రెండోసారి నుంచి మొదలుపెట్టారు. కొట్లో గిన్నెల వెలలు చెప్పి చెప్పి అరిగిన గొంతు. సంభాషణలన్నీ బేరం ఆడినట్టే చదివేవారు. ఆదిలక్ష్మమ్మగారు మధ్యలో కథలో వాళ్ళని తిట్టేది. "చానా కంత్రీ తమ్ముడో ఆ రెండోవాడు" అని. వీళ్ళ గోలకి చదువు సాగేది కాదు. డిసెంబరు అయిపోయింది. పన్నెండోది పూర్తి కాలేదు. లెక్క తప్పింది.

జనవరిలో ఒక ఉదయం. అన్నదమ్ములు ఇంటి నడుమ గోడ కట్టించుకునే ఘట్టం. తల్లి ఏ వైపు ఉంటుందో తేలబోతోంది. అందరూ చెవులప్పగించి ఉన్నారు. సుబ్బారావుగారు వాక్యం మధ్యలో ఆగారు. నేను లేచాను. నేను చెయ్యి వేయకముందే ఆయన పుస్తకం పొట్ట మీద పెట్టి అన్నారు. "అమ్మాయ్, కళ్ళు తిరగతన్నయ్."

తల దించాను, యూఎఫ్ తగ్గించాను, సెలైన్ ఇచ్చాను. బీపీ పడటం అప్పుడే మొదలైంది. కాసేపటికి తేరుకున్నారు. పుస్తకం కోసం చెయ్యి చాపారు.

"ఆపు తమ్ముడూ" అంది ఆదిలక్ష్మమ్మగారు. డిసెంబరంతా ఆయన్ని తరిమిన మనిషి. "ఆ ముసలమ్మ యాడికీ పోదు. ఎల్లుండి తేల్చుకుందాం."

నేను మౌనంగా ఉండే మనిషిని కాబట్టి, మౌనంగా ఉండే పేషెంటు సుఖంగా ఉన్నాడని చాలాకాలం అనుకున్నాను. శబ్దం చేయనివాళ్ళ వైపు పదిసార్లు చూడాలని ఆ ఏడాది నేర్చుకున్నాను. ఇప్పుడు మా యూనిట్లో కొత్తగా చేరిన టెక్నీషియన్లకి నేను చెప్పే మొదటి మాట మిషన్ గురించి కాదు. చదువుకునేవాళ్ళని, ఫోను చూసేవాళ్ళని, కళ్ళు మూసుకున్నవాళ్ళని మధ్యమధ్యలో మాట్లాడించమంటాను. సాయంత్రానికి నా గొంతు బొంగురుపోతోంది. హాస్టల్‌కి వెళ్ళాక ఎవరైనా పలకరిస్తే జవాబు చెప్పే ఓపిక ఉండటం లేదు.