గుంజకు చుట్టుకున్న పగ్గం

నా చిన్నప్పుడు కోరుట్లలో బస్సు దిగినవాళ్లు చుట్టుపక్కల ఊళ్లకు పోవాలంటే టాంగా ఎక్కాల్సిందే. మా తాతకూ ఒక టాంగా ఉండేది. బొంబాయి పోయిన మా నాయన దగ్గర్నుంచి జాబు రాక రెండేళ్లయింది. వానల్లేక కూలి పనులూ లేవు. అమ్మా నేనూ తాత ఇంట్లో ఆ టాంగా మీదే బతికేవాళ్లం. అంతలో ముసలి గుర్రం కడుపునొప్పితో చచ్చిపోయింది.

తాత జగిత్యాల పోయి ఒక పడుచు గుర్రాన్ని తెచ్చాడు. బండికి కట్టేముందు దాన్ని పొడుగు పగ్గం మీద గుండ్రంగా నడిపించాలి. తాత కల్లం నడుమ పగ్గం పట్టుకుని నిలబడితే అది చుట్టూ తిరగాలి. ఎక్కడ తిరుగుతుంది? నాలుగడుగులు వేసి, తాత వైపు మొహం తిప్పి నిలబడిపోయేది. దసరా దాకా చూస్తానంది అమ్మ. అప్పటికీ బండి కదలకపోతే నన్ను తీసుకుని కూలీలను తోలుకుపోయే మేస్త్రి వెంట బొంబాయి దగ్గరి భివండికి, మగ్గాల పనికి పోతుందట. మా వాడ నుంచి అట్లా పోయిన పిల్లలెవరూ మళ్లీ బడి మొహం చూడలేదు. భివండి పేరు వింటేనే నేను లేచి బయటికి పోయేదాన్ని.

ఒకరోజు తాత గడ్డికి, అమ్మ నీళ్లకు పోయారు. వడ్లు తొక్కించేటప్పుడు ఎడ్లను గుంజకు కట్టి తిప్పుతారు కదా, మరి ఈ గుర్రానికేం రోగం అనుకున్నాను. పగ్గం కొసను కల్లం నడుమనున్న గుంజకు గట్టిగా ముడేసి, చింత బరికెతో ఒక్కటిచ్చాను. ఎడ్లకైతే గుంజ చుట్టూ తిరిగేటట్టు వదులుగా ఉచ్చు వేస్తారని నాకేం తెలుసు? గుర్రం బెదిరి ఉరికింది. ఉరికినకొద్దీ పగ్గం గుంజకు చుట్టుకుని పొట్టిదైపోయింది. చివరికి దాని దవడ గుంజకు అతుక్కుపోయింది. ముందుకు పోరాదు, వెనక్కి రావడం దానికి తెలియదు. వణుకుతూ కళ్లు తేలేసింది. ముడి విప్పబోతే తన్నబోయింది. గోడకు ఆనుకుని కూలబడి ఏడ్చాను. దాని మెడ విరిగితే భివండి ఖాయం, అదీ నా చేతులారా నేనే తెచ్చుకున్నది.

తాత వచ్చి చూశాడు. తంతాడనుకున్నాను. గడ్డిమోపు దించి, గుర్రం మెడ మీద చెయ్యి వేశాడు.

"ఎన్ని సుట్లు తిరిగిందో గన్ని సుట్లు ఎనుకకు రావాలె బిడ్డా. ఆగమాగం జేస్తే కాదు."

ఒక్కో అడుగు వెనక్కి జరిపించి, కాస్త వదులు కాగానే తల తిప్పి, ఎదురు దిక్కున మెల్లగా నడిపించాడు. పగ్గం విడిపోయాక కొసను నా చేతికిచ్చాడు.

"గుంజ తిరగది, నువ్వు తిరుగుతవు గదా. దాని మొఖం ముందట నిలవడకు. డొక్క దిక్కు నిలవడి, అది నడిస్తే నువ్వు గూడ మెసులు."

అట్లా రోజూ ఇద్దరం తిప్పితే అది నడక నేర్చింది. కానీ బండికి ఇంకా అలవాటు పడకముందే దసరా వచ్చింది, మేస్త్రీ వచ్చాడు. అమ్మ నా బట్టలు కూడా మూటగట్టింది.

"నువ్వు పోతే పో బిడ్డా," అన్నాడు తాత. "పిల్లను తీస్కపోతే గుర్రం నడువది. అది నా మాట ఇంటలేదు, దీని మాటనే ఇంటది."

"నిజమేనా బాపు?" అంది అమ్మ. నమ్మలేదు.

తాత పగ్గం అందుకున్నాడు. గుర్రం నిలబడిపోయింది. పగ్గం నాకిచ్చాడు. అది చుట్టూ నడిచింది. తాత కాళ్లు ఎక్కడున్నాయో అమ్మ చూడలేదు, నేను చూశాను. నన్ను నిలబడొద్దన్న చోటే, సరిగ్గా దాని మొహం ముందు నిలబడ్డాడు.

అమ్మ నా మూట విప్పి, మేస్త్రి వెంట తానొక్కతే బస్సెక్కింది. ఏడుపాగక నేను రెండు రోజులు అన్నం ముట్టలేదు. టాంగా కుదురుకుని ఆమె తిరిగి రావడానికి ఏడాది పట్టింది. ఆ ఏడాదంతా బడికి పోయాను. ఆ తర్వాత కూడా పోయాను.

ఇప్పుడు మా పక్కింటి కోడలి పెనిమిటి దుబాయిలో చిక్కుకుని, మూడేళ్లుగా రాలేక అక్కడే ఉన్నాడు. ఆ పిల్ల తలుపేసుకుని మంచం దిగదు. రోజూ పొద్దున పోయి తలుపు కొడతాను. నాకు కండ్లు కనిపిస్తలేవు, జర బియ్యం ఏరిపెట్టు బిడ్డా, నువ్వు లేకుంటే నాకు నడువది అంటాను. గొణుక్కుంటూనే లేచి వస్తుంది. దేవుడి దయవల్ల నా కళ్లు ఇప్పటికీ సూదిలో దారం ఎక్కిస్తాయి.